కప్పులు రాకముందే దిమ్మెలు

మార్చి 4

బంగారుతల్లీ,

మీ తమ్ముడు గెలిచాడమ్మా, గెలిచాడు! ఒకటి కాదు, రెండు కాదు, బోలెడు కప్పులు! ముందు ఈ మాట చదివేసి, తర్వాత తీరిగ్గా కూర్చుని మిగతాది చదువు. నిదానంగా రాయాలని నేను కూడా గ్లాసుడు మంచినీళ్ళు తాగి వచ్చాను.

జరిగింది చెబుతాను. నిన్న సాయంత్రం వాడి టీ నేను మేడమీదికి తీసుకెళ్ళాను. రోజూ అయితే మీ అమ్మ తీసుకెళుతుంది. గుమ్మం దగ్గర పెట్టి, తలుపు తట్టి వచ్చేస్తుంది. ఆవిడ మెట్లు దిగేదాకా ఆగి వాడు లోపలికి తీసుకుంటాడు. వాళ్ళ ఆఫీసు మూసేసినప్పటినుంచీ ఇదే వరస అని నీకు తెలుసు. మొదట్లో ఇంటర్వ్యూలకి తిరిగాడు. తర్వాత చొక్కాలు ఇస్త్రీ చేసుకోవడం మానేశాడు. తర్వాత గడ్డం గీసుకోవడం, ఆ తర్వాత మాతో కూర్చుని తినడం. నేనూ తలుపు తట్టాను. "వద్దు" అన్నాడో ఏమో, నాకెలాగూ వినపడదు కదా, తోసుకుని లోపలికి వెళ్ళిపోయాను. చెవుడు వల్ల ఇదొక సుఖం.

టీవీలో వాడి వీడియో ఆట నడుస్తోంది. బూడిదరంగు కంబళి కప్పుకుని, కత్తి పట్టుకుని, పొగపట్టిన ఊళ్ళన్నీ ఒక్కడే తిరుగుతుంటాడే, ఆ ఆట. కాలేజీ రోజుల్లో మన ముందుగదిలో ఆడి నీ చేత తిట్లు తినేవాడు, గుర్తుందా? "అది ఎప్పుడో అయిపోయింది కదరా" అన్నాను. నా కుడిచెవి దగ్గర నోరు పెట్టి, "మళ్ళీ మొదటినుంచీ ఆడుతున్నా నాన్నా" అన్నాడు. చాలా రోజులకి వాడి మాట అంత దగ్గరగా విన్నాను తల్లీ. వాడి గడ్డం నా చెంపకి గుచ్చుకుంది.

అంతలో కంబళివాడు ఎద్దులాంటి ఒక బురదమృగాన్ని పొడిచి పడగొట్టాడు. టీవీ మూలన చిన్న పసుపుపచ్చ కప్పు బొమ్మ లేచింది. పక్కనే "ట్రోఫీ" అనే మాట! నేను చదివింది తక్కువే అయినా ఆ మాట ఏ అక్షరాల్లో ఉన్నా గుర్తుపడతాను. ఆ మాట చెక్కిన ఇత్తడి రేకుల్ని కప్పుల కింద నిలబెట్టే చెక్క దిమ్మెలకి కొట్టీ కొట్టీ చేతులు కాయలు కాసినవాణ్ణి. "నీకేనా?" అన్నాను. "నాకే" అన్నాడు. ఇంకా ఎన్నున్నాయి అంటే ఒక జాబితా చూపించాడు. అది కిందికి పోతూనే ఉంది! కొన్ని మొదటిసారి ఆడినప్పుడే వచ్చేశాయట. మిగిలినవి కూడా ఒక్కటి వదలకుండా తెచ్చుకోవాలనే మళ్ళీ ఆడుతున్నాడట.

ఇక నా కాళ్ళు నేలమీద ఆనితే ఒట్టు. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ పిల్లల కప్పులకి దిమ్మెలు చేశాను. పరుగుపందేనికి, ఈతకి, చదరంగానికి. కప్పు ఇత్తడిపనివాడి దగ్గర్నుంచి వచ్చేది, దిమ్మె నా చెక్క లేతు మిషను మీదనుంచి వెళ్ళేది. రెండూ కలిసి ఎవరింట్లోనో అద్దాల బీరువాలో నిలబడేవి. మనింటి బీరువాలో మాత్రం మీ అమ్మ పింగాణీ సామానే. ఇవాళ పొద్దున్నే దాన్నంతా దించి వంటింట్లో సర్దించాను. ఆవిడ నాతో మాట్లాడటం లేదు.

ఆ ఆట కంపెనీవాళ్ళు అన్నీ అయ్యాక ఒకేసారి పోస్టులో పంపుతారు కాబోలు. వాళ్ళు పంపే దిమ్మె ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఉత్త ప్లాస్టిక్. అందుకని మేలైన టేకు తీసి అప్పుడే కోతలు మొదలుపెట్టాను. నువ్వు ఒక్క సాయం చెయ్యి. మీ ఆస్పత్రిలో ఎవరి పిల్లలకైనా ఇలాంటి కప్పులు వచ్చి ఉంటే, అడుగుభాగం వెడల్పు ఎంతో దారంతో కొలిచి ఆ దారం పంపు.

అల్లుడిగారికి నడుంనొప్పి తగ్గిందా? ఫోను చెయ్యకు, నాకు ఈగ గోల తప్ప ఏమీ వినపడదు. ఉత్తరమే రాయి.

ఉబ్బితబ్బిబ్బవుతున్న
మీ నాన్న

*

మార్చి 12

నాన్నా,

నేను వార్డులో డ్యూటీలో ఉండగా నీ ఉత్తరం వచ్చింది. మొదటి లైను చదివి "మా తమ్ముడు గెలిచాడు!" అని అరిచేశాను. పక్కన మందులు పంచుతున్న అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఊపేసింది కూడా. తర్వాత రెండో పేజీకి వచ్చాను. ఆ అమ్మాయికి ఇంకా అసలు సంగతి చెప్పలేదు. మొహం చాటేసి తిరుగుతున్నాను.

ఎలా చెప్పాలో తెలియడం లేదు, సూటిగా చెప్పేస్తాను. అవి నిజం కప్పులు కావు. టీవీ మీద కనిపించే బొమ్మలు, అంతే. పోస్టులో ఏమీ రావు. ఆ కంపెనీకి మన ఇల్లు ఎక్కడుందో కూడా తెలియదు. నువ్వు దిమ్మెలు చెయ్యకు, మంచి టేకు పాడుచేసుకోకు. అమ్మ పింగాణీ సామాను బీరువాలో పెట్టేసెయ్యి.

ఇంకో మాట చెబితే కోపం తెచ్చుకోకు. గదిలో కూర్చుని ఆటలాడే మనిషిని చూసి సంబరపడితే వాడు బయటికి ఎందుకొస్తాడు? నువ్వు ఎప్పుడూ వాణ్ణి వెనకేసుకొస్తావు. మా ఆస్పత్రి స్టోర్సులో మనిషి కావాలంటున్నారు. పెద్ద ఉద్యోగం కాదు, కానీ పొద్దున్నే లేచి స్నానం చేసి ఎక్కడికో వెళ్ళాలి. వాడికి ఇప్పుడు కావలసింది అదే. నేను ఫోను చేస్తే ఎత్తడు. నువ్వైనా చెప్పు.

ఆయన నడుంనొప్పి తగ్గింది. మళ్ళీ సైకిలెక్కుతున్నారు కాబట్టి మళ్ళీ వస్తుంది.

నీ మీద కోపం లేని, దిగులు మాత్రం ఉన్న
నీ కూతురు

*

మార్చి 19

నా చిట్టితల్లికి,

నీ ఉత్తరం చేరింది. స్టోర్సు ఉద్యోగం సంగతి వాడి చెవిన వేశాను. ఈ విషయంలో వాడి చెవులు నా చెవులకంటే అధ్వాన్నం. అల్లుడుగారు సైకిల్ సీటు కాస్త కిందికి దించుకోవాలి, పొడుగు మనుషులకి ఆ సీటే శత్రువు.

కప్పుల గురించి నువ్వు ఏదో రాసినట్టున్నావు గానీ, ఇక్కడ కళ్ళజోడు విరిగింది తల్లీ. మీ అమ్మ చూసుకోకుండా దానిమీద కూర్చుంది. ఆ పేజీ అంతా అలుక్కుపోయినట్టు కనిపించింది. దారం మాత్రం పంపలేదు. పోనీలే, అందాజున రెండు మూడు సైజుల్లో చేస్తున్నాను.

అసలు విశేషం విను! మీ తమ్ముడు కిందికి వచ్చాడు!

నేను దిమ్మెలకి మొదటి పూత పాలిష్ వేసి షెడ్డు బయట ఎండలో వరసగా పెట్టాను. వాడి కిటికీలోంచి అవి కనిపిస్తాయి. కాసేపటికి ఎవరో వెలుతురుకి అడ్డం వచ్చారని తలెత్తితే షెడ్డు గుమ్మంలో వాడు! చెప్పుల్లేవు, రంపపు పొట్టులో ఒట్టి కాళ్ళతో నిలబడ్డాడు.

"ఇన్ని ఎందుకు నాన్నా?" అని చేత్తో అడిగాడు.

"నీ కప్పులకిరా" అన్నాను.

వాడు నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. ఎండలో ఉన్న దిమ్మెల్ని చూశాడు, నన్ను చూశాడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. కానీ మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఒక మూల స్టూలు మీద కూర్చుని నా వైపే చూస్తుంటాడు. ఏదో చెప్పాలని వస్తున్నట్టు, నోటిదాకా వచ్చి ఆగిపోతున్నట్టు. నేను తొందరపెట్టలేదు. చేతికి గరుకు కాగితం ఇచ్చాను. ఖాళీగా కూర్చోలేడు కదా, అంచులు రుద్దడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో నేర్పిన పట్టు ఇంకా పోలేదు. చెక్క నారకి ఎదురు రుద్దడు.

సాయంత్రాలు నేను పైకి వెళ్ళి వాడి పక్కన కూర్చుంటున్నాను. ఇప్పుడొక చిక్కు వచ్చిపడింది. ఆ ఆటలో నది దాటించే ముసలి పడవవాడు ఒకడున్నాడు. కోట కాలిపోతుంటే వాణ్ణి, వాడి ఊరివాళ్ళని పొగలోంచి అవతలి ఒడ్డుకి చేర్చాలి. మొదటిసారి ఆడినప్పుడు కోట తలుపు మూసుకుపోతోందన్న తొందరలో మీ తమ్ముడు పడవవాణ్ణి వదిలేసి పరిగెత్తాడట. ఆట అయితే పూర్తయింది గానీ ఆ కప్పు రాలేదు. ఇప్పుడు అందరూ ఒడ్డుకి చేరితేనే కప్పు. కంబళివాడు ముందు పరిగెడతాడు, ముసలాయన ఎక్కడో అక్కడ ఆగిపోతాడు. ఎన్నిసార్లు మొదలుపెట్టినా అంతే. మీ తమ్ముడు తల పట్టుకున్నాడు. నేనూ పట్టుకున్నాను.

మీ అమ్మ ఇప్పుడు మాట్లాడుతోంది. సగం మాటలు తిట్లే, అయినా మాట్లాడుతోంది.

పాలిష్ మరకల చేతులతో ముద్దులు పెడుతూ
మీ నాన్న

*

మార్చి 26

నాన్నా,

ఈసారి పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తున్నాను, చూడు.

కప్పులు రావు. ఎప్పటికీ రావు.

నీకు అర్థమైందో లేదో నాకు తెలియడం లేదు. నీ ఉత్తరం ఒకటికి నాలుగుసార్లు చదివాను. సైకిల్ సీటు సంగతి చదవగలిగావు, స్టోర్సు సంగతి చదవగలిగావు. కప్పుల పేజీ మాత్రం కనిపించలేదా? రోజూ నీ వయసువాళ్ళని చూసే ఉద్యోగం నాది నాన్నా. చెప్పిన మాట పట్టకపోవడం, జరగనిది జరుగుతుందని గట్టిగా నమ్మడం, ఇవి ఎలా మొదలవుతాయో నాకు తెలుసు. నిన్ను భయపెట్టాలని కాదు. నేనే భయపడుతున్నాను.

తమ్ముడికి మెసేజ్ పెట్టాను. "నాన్నకి మతిమరుపు మొదలైనట్టుంది, కాస్త కనిపెట్టుకుని ఉండు, పొద్దున్నే ఏ వారమో అడిగి చూడు, ఒంటరిగా వీధిలోకి పంపకు" అని. ఇన్నాళ్ళూ నా ఒక్క మెసేజ్‌కీ జవాబివ్వనివాడు దీనికి వెంటనే ఇచ్చాడు. "నేను చూసుకుంటా అక్కా" అన్నాడు. ఆ ఒక్క మాటే రాశాడు. అమ్మకీ చెప్పాను.

నువ్వు లేతు దగ్గర జాగ్రత్త. వీలైతే దాని జోలికి వెళ్ళకు. వేళ్ళు ముఖ్యం.

నీ ఉత్తరం కోసం రోజూ గేటు దగ్గరే నిలబడుతున్న
నీ కూతురు

*

ఏప్రిల్ 5

అమ్మలూ,

నీ దస్తూరీ ఎంత ముద్దుగా ఉందో! చిన్నప్పుడు పలక మీద రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలు. మీ అమ్మకి కూడా చూపించాను.

కానీ ఇప్పుడు ఆ మాటలన్నీ ఎందుకు, మొదటి కప్పు వచ్చేసింది కదా! పోస్టులో! మొన్న మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచేసరికి వరండాలో కాగితం చుట్టిన పొట్లం. మీ తమ్ముడు తెచ్చి నా చేతిలో పెట్టి, "వచ్చింది నాన్నా, మొదటిది" అన్నాడు. కళ్ళు మాత్రం కిందికి దించుకున్నాడు, బిడియం కాబోలు. విప్పి చూస్తే చెక్క కప్పు! ఇత్తడిది కాదు తల్లీ, చెక్కది. మూతి కొంచెం ఒక పక్కకి వాలింది, ఒక చెవి చిన్నది, ఇంకోటి పెద్దది. నేను దాన్ని దిమ్మె మీద నిలబెట్టి అద్దాల బీరువాలో పెట్టాను. వచ్చినవాళ్ళందరినీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపిస్తున్నాను. పాలబ్బాయి రెండుసార్లు చూశాడు.

ఇంకో సంగతి. మీ తమ్ముడు పొద్దున్నే లేస్తున్నాడు! లేచి నా మంచం దగ్గరికి వచ్చి "నాన్నా, ఇవాళ ఏ వారం?" అని అడుగుతున్నాడు. గదిలో ఉండీ ఉండీ వాడికి వారాలు తెలియడం లేదు కాబోలు, పాపం. బుధవారం అని చెప్పాను. వాడి మొహం పాలిపోయింది. మర్నాడు మళ్ళీ అడిగాడు. బుధవారం అనే చెప్పాను. రోజూ అడుగుతున్నాడు, రోజూ చెబుతున్నాను. అడిగాక నాతో కూర్చుని టీ తాగుతాడు.

మొన్న కలప డిపోకి బయలుదేరాను. గల్లీ చివర తిరిగి చూస్తే వెనక వాడు. చూడనట్టు ముందుకి నడిచాను. మందులషాపు ముందు ఆగితే వాడూ ఆగి, అద్దంలో దగ్గుమందు సీసాల్ని తెగ చూస్తున్నాడు! వంతెన కింది దారిన వెళితే డిపో దగ్గర. నేను మార్కెట్ మీదుగా, రైలుపట్టాల పక్కనుంచి, పాత ప్రెస్సు సందులోంచి చుట్టు తిరిగి వెళ్ళాను. ఎండ బాగుంది. వాడు నాకు పది అడుగుల వెనక, నేను నెమ్మదిస్తే నెమ్మదిస్తూ, వచ్చాడు. ఇంటికొచ్చేసరికి వాడి మొహానికి రంగు వచ్చింది.

ఆ సాయంత్రమే పడవవాడి చిక్కు విడిపోయింది! వాడికే తట్టింది. కంబళివాణ్ణి ముందు పరిగెత్తించకుండా, ముసలాయన్ని ముందు నడవనిచ్చి, తను వెనకే నెమ్మదిగా నడిపించాడు. ముసలాయన ఎక్కడా ఆగలేదు. పొగలోంచి, మంటల్లోంచి, తన దారిన తను నడుచుకుంటూ వెళ్ళి, ఊరివాళ్ళతో సహా పడవెక్కి అవతలి ఒడ్డు చేరాడు. టీవీ మూలన కప్పు లేచింది. ఇద్దరం లేచి ఎగిరాం. కింద మీ అమ్మ పైకప్పు కూలిందనుకుంది.

ఇక ఒక్కటే మిగిలింది. అన్నీ అయ్యాక ఇచ్చే పెద్దది.

బీరువా ముందే కుర్చీ వేసుకు కూర్చున్న
మీ నాన్న

*

ఏప్రిల్ 12

నాన్నా,

పోస్టులో కప్పు రావడం ఏమిటి నాన్నా? తమ్ముణ్ణి అడిగితే "తర్వాత చెబుతా అక్కా" అంటాడు. నువ్వు లేనివి చూస్తున్నావా, లేక నీ మనసు కష్టపెట్టడం ఇష్టం లేక వాడే ఏదైనా కొని తెచ్చాడా?

రోజూ బుధవారం అంటున్నావని వాడు చెప్పాడు. అది విన్న రోజు నేను ఇంజెక్షన్ ట్రే కింద పడేశాను.

పెద్ద డాక్టరుగారితో మాట్లాడాను. నెలాఖరున సెలవు పెట్టి వస్తాను, నిన్ను ఇక్కడికి తీసుకొచ్చి అన్ని పరీక్షలూ చేయిస్తాను. అమ్మ ఇప్పుడు నిన్ను చెయ్యి పట్టుకుని వీధి దాటిస్తోందట కదా. వదలకు ఆ చెయ్యి. షెడ్డుకి తాళం వెయ్యమని తమ్ముడికి చెప్పాను.

ఈ ఉత్తరం నీకు అర్థమైతే ఒక్క ముక్క జవాబు రాయి.

నీ కూతురు

*

ఏప్రిల్ 20, సోమవారం

నా పిచ్చితల్లీ,

పైన వారం రాశాను, చూసుకున్నావా? సోమవారం. నిన్న ఆదివారం. నీ నాన్నకి మతి శుభ్రంగా ఉంది. ముందు ఆ కళ్ళు తుడుచుకో. డాక్టరుగారికి నా నమస్కారాలు చెప్పి, ఆ పరీక్షలేవో నాకంటే అవసరమున్నవాళ్ళకి చేయమను.

నీ మొదటి ఉత్తరం నేను పూర్తిగా చదివాను. ప్రతి అక్షరం. కళ్ళజోడు విరిగిన మాట నిజమే, కానీ విరిగింది మీ అమ్మది. చదివినప్పుడు బాగా చిన్నబుచ్చుకున్నాను తల్లీ. ఇంత వయసొచ్చి టీవీ బొమ్మలకి దిమ్మెలు చేశానా అని. ఉత్తరం జేబులో పెట్టుకుని, ఎండలో ఉన్న దిమ్మెలన్నీ గోనెసంచిలో వేసెయ్యాలని లేచాను. సరిగ్గా అప్పుడు షెడ్డు గుమ్మంలో వాడు! "ఇన్ని ఎందుకు నాన్నా?" అన్నాడు.

నువ్వైతే ఏం చేసేదానివి? తెలిసిపోయిందిలేరా అంటే, "అయితే సరే" అని వాడు మళ్ళీ మెట్లెక్కేవాడు. నాకు తెలియదనుకుంటే, చెప్పడానికైనా రోజూ మెట్లు దిగాలి. అందుకని "నీ కప్పులకిరా" అన్నాను. నీకు రాస్తే నువ్వు వాడికి చెప్పకుండా ఉండలేవు. నీ నోట్లో మాట దాగదని చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. ఇక నాకు మతిమరుపు అని నువ్వే వాడికి మెసేజ్ పెట్టావు చూడు, దాంతో నా పని ఇంకా సులువైపోయింది. మొదటిరోజు "ఏ వారం" అని అడిగినప్పుడు నిజం చెప్పబోయాను. వాడి కళ్ళల్లో నాకోసం దిగులు కనిపించింది. ఇన్నాళ్ళూ ఆ కళ్ళల్లో ఏదీ కనిపించలేదు తల్లీ, దిగులు కూడా. నోరు తిరిగి బుధవారం అనేసింది.

పోస్టులో వచ్చిన కప్పు సంగతా? నా టేకు నాకు తెలియదా! వాడు నేను మధ్యాహ్నం పడుకున్నాక షెడ్డులోకి దూరి లేతు వేసేవాడు. చెవుడు కదా, వినపడదని ధీమా. కానీ లేతు తిరిగితే నా మంచం కోడు వణుకుతుంది. ఇన్నేళ్ళు దానితో కాపురం చేశాను, ఆ వణుకులోనే తెలిసిపోతుంది. ఉలి మరీ నొక్కుతున్నాడు, అదిగో అంచు ఎగిరింది, ఇప్పుడు ఇంకో ముక్క బిగిస్తున్నాడు. లేచి వెళ్ళి "మోచెయ్యి పక్కటెముకకి ఆనించరా" అని చెప్పాలని ప్రాణం కొట్టుకునేది. కళ్ళు మూసుకుని కదలకుండా పడుకోవడం ఎంత కష్టమో! తర్వాత తర్వాత మంచం కుదుపు తగ్గింది, సన్నటి వణుకు మిగిలింది. చెయ్యి కుదిరిందని అప్పుడే తెలిసింది. ఆ వణుకులోనే నిజంగా నిద్రపట్టేసేది.

రెండో కప్పు "వచ్చింది". మూడోది "వచ్చింది". పడవవాడి కప్పుకి చెవులకి బదులు రెండు తెడ్లు పెట్టాడు. నేను ప్రతిసారీ పోస్టుమాన్‌ని పొగుడుతూ వచ్చాను.

ఇక శుక్రవారం సంగతి విను. మీ అమ్మ గుడికి వెళ్ళిన వేళ బడి ఆటల మాస్టారు వచ్చాడు. ఎప్పుడూ మెడలో ఈల వేలాడుతుంటుందే, మనం ఈలమాస్టారు అంటాం, ఆయన. ఏటా లాగే దిమ్మెలకి చెప్పడానికి వచ్చాడు. నేను అలవాటు ప్రకారం చెయ్యి పట్టుకుని బీరువా దగ్గరికి లాక్కెళ్ళాను. ఆయన తెడ్ల కప్పుని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, నా చెవిలో అరిచాడు: "ఎవరు చేశారండీ ఇది?"

మీ తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను "పోస్టులో..." అని మొదలుపెట్టాను. వాడు రెండడుగులు ముందుకి వేశాడు.

"నేనే చేశాను మాస్టారూ."

బయటిమనిషి ఎదురుగా, తలెత్తి, అంత గట్టిగా! నా చెవికే వినపడింది. ఆ తర్వాత నా వైపు తిరిగాడు. నా రెండు భుజాలూ పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, తను మోకాళ్ళమీద కూర్చున్నాడు.

"నాన్నా, నీకొక మాట చెప్పాలి. ఆ కప్పులు రావు. అవి టీవీలో బొమ్మలు. నేనే చేసి, వచ్చాయని నీకు అబద్ధం చెప్పాను."

"తెలుసురా" అన్నాను.

"ఏం తెలుసు?"

"రావని తెలుసు. అక్కయ్య మొదటి ఉత్తరంలోనే రాసింది."

వాడు నన్ను అలాగే చూశాడు. "మరి... ఆ బుధవారాలు?"

"ఇవాళ శుక్రవారం" అన్నాను.

ఇంక చూడు తల్లీ! వాడు నవ్వడం మొదలుపెట్టాడు. నేల మీద కూలబడి, పొట్ట పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు కారేదాకా నవ్వాడు. మధ్యలో అవి నవ్వే నీళ్ళో కాదో నాకు తెలియలేదు, వాడికీ తెలిసి ఉండదు. నేనూ అంతే. మాస్టారు ఏమీ అర్థంకాక, అలవాటుగా ఈల నోట్లో పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. వెళ్ళేముందు వాడితో, "ఏటా అందరికీ ఒకే మూస ఇత్తడి కప్పు ఇచ్చి విసుగెత్తిందోయ్. మా పిల్లలకి ఇలాంటివి చేస్తావా? రేపు పొద్దున గ్రౌండుకి రా, ఏ ఆటకి ఎలా ఉండాలో పిల్లలనే అడుగుదాం" అన్నాడు.

శనివారం వాడు గడ్డం గీసుకున్నాడు! ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నన్ను తోడు రమ్మనలేదు. నేనూ వెనక వెళ్ళలేదు, గేటు దాకా వెళ్ళి ఆగిపోయాను, కష్టంగానే. మధ్యాహ్నానికి గానీ రాలేదు. చొక్కానిండా దుమ్ము. దూరం దూకే పందెంలో ఉన్న పిల్ల ఒకతి తన కప్పుకి కప్పకాళ్ళు కావాలందట. అన్నం తింటూ ఆ మాటే మాటిమాటికీ చెప్పాడు. మా ఇద్దరి మధ్య కూర్చుని తిన్నాడమ్మా. స్టోర్సు ఉద్యోగం సంగతి ఇప్పుడు వాడే నీతో మాట్లాడతాడట. నాకు తెలిసి వద్దంటాడు. కానీ ఈసారి ఎందుకు వద్దో చెబుతాడు.

ఆ సాయంత్రమే ఆట కూడా ముగిసింది. ముగ్గురం పైన కూర్చున్నాం. కంబళివాడు కొండ ఎక్కి కత్తి నేలకి గుచ్చి కూర్చున్నాడు. మూలన ఆఖరి కప్పు లేచింది, తళుక్కుమని పోయింది. "అంతేనా?" అంది మీ అమ్మ. "అంతేనమ్మా" అన్నాడు. టీవీ తనే ఆపేశాడు. తర్వాత నాతో, "దీనికి కప్పు నువ్వు చెయ్యి నాన్నా" అన్నాడు. నేను చేసింది దిమ్మెలేరా, జీవితంలో ఒక్క కప్పు చెయ్యలేదు అంటే, "నేను నేర్పుతాలే" అన్నాడు. నేర్పుతున్నాడు. ఇవాళ పొద్దున నన్ను కసిరాడు కూడా, "ఉలి అంత నొక్కకు నాన్నా" అని. నన్ను! లేతు పెట్టుకున్న నన్ను!

సెలవు రద్దు చేసుకోకు. రా. నన్ను చూడటానికి కాదు, బీరువా చూడటానికి.

ఇక ఈ కింది వాళ్ళందరికీ నువ్వు ఫోను చేసి చెప్పాలి. నాకు వినపడదు కాబట్టి ఈ పని నీదే.

మొట్టమొదట మీ మేనత్తకి. వాడు ఇంక గది దాటడు అన్నది ఆవిడే. గడ్డం సంగతి తప్పకుండా చెప్పు.

మీ పెద్దనాన్నకి. నెమ్మదిగా చెప్పు, గుండెజబ్బు మనిషి. "మంచి కబురు" అని ముందే అని, తర్వాత చెప్పు.

మీ బాబాయికి. కప్పులు ఎన్ని అని అడుగుతాడు, అడిగితే లెక్కపెట్టలేనన్ని అను.

అల్లుడిగారికీ, వియ్యపురాలుగారికీ. ఆవిడ భోజనంలో ఉన్నప్పుడు చెయ్యకు.

నీ పక్కన మందులు పంచే ఆ అమ్మాయికి. ఇక మొహం చాటెయ్యక్కర్లేదు. మా తమ్ముడు గెలిచాడు అని మళ్ళీ ఒకసారి చెప్పు.

మీ పిన్నికి చెప్పనక్కర్లేదు. ఇంతమందికి చెప్పేలోపు ఆవిడకి తెలిసిపోతుంది.

మీ అమ్మకి మాత్రం నువ్వు ఏమీ చెప్పకు. అబ్బాయికీ ఇదే మాట చెప్పాను. నాకు వారాలు తెలియవనే ఆవిడ ఇంకా అనుకుంటోంది. వీధి దాటేటప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుంటోంది. దాటాక కూడా వదలడం లేదు. ఆవిడకి నేనే చెబుతాను, ఏదో ఒక బుధవారం.

మీ నాన్న